హద్దులు మారిన నేలలో చరిత్రోపాధ్యాయ వృత్తి: పశ్చిమ ప్రకాశం - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

మార్కాపురం, గిద్దలూరు, కంభం, త్రిపురాంతకం, ఎర్రగొండపాలెం ప్రాంతాలను పశ్చిమ ప్రకాశంగా వ్యవహరించడం పరిపాటి. గడచిన రెండు శతాబ్దాలలో ఈ ప్రాంతం కడప, కర్నూలు, ప్రకాశం జిల్లాలలో వరుసగా భాగమైంది. ఈ మార్పులు ఇక్కడి చరిత్ర, సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుల నియామకాన్నీ, పైచదువునూ, వారి బోధనకు కావలసిన ఆధారాల లభ్యతనూ ఎలా ప్రభావితం చేశాయో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. ఉద్యోగం సంపాదించడానికి కావలసిన అర్హతలు వేరు, ఆ ఉద్యోగంలో చరిత్రోపాధ్యాయుడిగా ఎదగడానికి కావలసిన సామగ్రి వేరు. ఆ సామగ్రి స్థానిక ఆధారాల అధ్యయనం వల్లనే సమకూరుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పశ్చిమ ప్రకాశం, చరిత్ర బోధన, సాంఘికశాస్త్రం, ఉపాధ్యాయ నియామకం, శాసనాలు, త్రిపురాంతకం, కంభం చెరువు, మార్కాపురం పలకలు.

1. ప్రవేశిక

పాఠశాలలో చరిత్ర చెప్పే వ్యక్తి హోదా 'సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు'. జూనియర్ కళాశాలలో, డిగ్రీ కళాశాలలో చెప్పే వ్యక్తి 'చరిత్ర అధ్యాపకుడు'. ఈ రెండు పేర్ల మధ్య ఉన్న తేడా కేవలం హోదాకు సంబంధించినది కాదు. మొదటి వ్యక్తి చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం నాలుగింటినీ ఒకే చేత్తో నడిపించాలి. రెండవ వ్యక్తి ఒక్క శాస్త్రంలోనే లోతుకు వెళ్ళాలి. స్వాతంత్ర్యానంతరం మొదలియార్ కమిషన్ (1952-53) మాధ్యమిక విద్యలో సాంఘికశాస్త్రాన్ని సమగ్ర విషయంగా బోధించాలని సూచించింది. విద్యార్థి తన చుట్టూ ఉన్న సమాజాన్ని అర్థం చేసుకోవాలన్నది ఆ సమగ్రతకు ఉద్దేశం. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం కూడా బడిలోని జ్ఞానాన్ని బడి వెలుపలి జీవితంతో అనుసంధానించాలని చెప్పింది.

అయితే 'చుట్టూ ఉన్న సమాజం' అన్నప్పుడు ఏ చుట్టు అన్న ప్రశ్న వస్తుంది. గిద్దలూరు విద్యార్థికి తన చుట్టు రాయలసీమా? కోస్తాంధ్రా? నల్లమలా? పాఠ్యపుస్తకం ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు. చెప్పవలసినవాడు ఉపాధ్యాయుడు. అందుకు అతనిని సిద్ధం చేసే వ్యవస్థ ఉన్నదా అన్నది ఈ వ్యాసంలో చర్చనీయాంశం.

2. ఒకే ప్రాంతం - మారిన జిల్లాలు

1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్తమండలాలలో కంభం, మార్కాపురం సీమలు ఉన్నాయి. తరువాత దత్తమండలాలను బళ్ళారి, కడప జిల్లాలుగా విభజించినప్పుడు ఇవి కడప జిల్లాలో చేరాయి. 1839లో కర్నూలు నవాబు రాజ్యాన్ని కంపెనీ స్వాధీనం చేసుకుంది. 1858లో కర్నూలు జిల్లాను ఏర్పరచినప్పుడు కడప నుండి కంభం, మార్కాపురం, కోయిలకుంట్ల ప్రాంతాలనూ, బళ్ళారి నుండి పత్తికొండనూ అందులో కలిపారు. అప్పటి నుండి 1970 వరకు, అంటే 112 సంవత్సరాలు, ఈ ప్రాంతం కర్నూలు జిల్లాలోనే ఉంది. 1928లో నంద్యాల ఆంధ్ర మహాసభలో 'రాయలసీమ' అన్న పేరు రూపుదిద్దుకున్నప్పుడూ, 1937లో శ్రీబాగ్ ఒడంబడిక కుదిరినప్పుడూ మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలవారు కర్నూలు జిల్లావాసులుగా రాయలసీమ ప్రజలే.

1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడింది. గుంటూరు జిల్లా నుండి ఒంగోలు ప్రాంతాన్నీ, నెల్లూరు నుండి కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలనూ, కర్నూలు నుండి మార్కాపురం, గిద్దలూరు తాలూకాలనూ తీసుకొని ఈ జిల్లాను కూర్చారు. 1972లో దీనికి ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్వ్యవస్థీకరణలో అద్దంకి, పర్చూరు, చీరాల బాపట్ల జిల్లాకూ, కందుకూరు నెల్లూరు జిల్లాకూ వెళ్ళాయి. 2025 నవంబరులో మార్కాపురం కేంద్రంగా ప్రత్యేక జిల్లా ఏర్పాటుకు రాష్ట్ర ప్రభుత్వం ఆమోదం తెలిపింది.

ఈ మార్పుల వలన పరిశోధకునికి కలిగే మొదటి ఇబ్బంది ఆధారాల చిరునామా. 1886లో నరహరి గోపాలకృష్ణమ శెట్టి కూర్చిన మాన్యువల్ కర్నూలు జిల్లాది. మార్కాపురం, కంభం విషయాలు అందులో ఉన్నాయి. కె.వి. సౌందరరాజన్ గిద్దలూరు పరిసరాల శిలాయుగ పరిశ్రమల మీద రాసిన వ్యాసం 1952లో భారత పురావస్తు శాఖవారి 'ఏన్షియంట్ ఇండియా' ఎనిమిదవ సంచికలో వెలువడింది. దాని శీర్షికలో కూడా గిద్దలూరు కర్నూలు జిల్లాలోని ఊరే. 1948లో ప్రచురితమైన దక్షిణ భారత శాసనాల పదవ సంపుటంలో త్రిపురాంతకం శాసనాలు కర్నూలు జిల్లా, మార్కాపురం తాలూకా కింద నమోదయ్యాయి. కనుక 'ప్రకాశం జిల్లా చరిత్ర' అన్న పేరుతో వెతికే యువ పరిశోధకునికి ఇవేవీ తారసపడవు. కంపెనీ తొలినాళ్ళ కాగితాలకు కడప వైపూ, 1858 తరువాతి వాటికి కర్నూలు వైపూ, 1970 తరువాతి వాటికి ఒంగోలు వైపూ వెళ్ళాలి. ఈ క్రమం తెలియకపోవడం వల్లనే 'మా ప్రాంతానికి చరిత్ర లేదు' అన్న అభిప్రాయం తరగతి గదులలో బలపడింది. ఇక్కడ కొరవడింది చరిత్ర కాదు, సూచిక.

3. నియామకం, అర్హత, హద్దు

3.1 ఈ ప్రాంతంలో ఆధునిక బడి చదువు విస్తరణకు స్థానిక బోర్డులతో పాటు మిషన్ పాఠశాలలూ తోడ్పడ్డాయి. 1866లో ఒంగోలులో స్థిరపడిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కృషి 1876-78 కరువు తరువాత విస్తృతమైంది. కంభం, మార్కాపురాలలో కూడా ఆ మిషన్ కేంద్రాలు వెలిశాయి. అంతవరకు అక్షరానికి దూరంగా ఉంచబడిన దళిత కుటుంబాల పిల్లలు చదువుకొని, తమ పల్లెలలోనే ఉపాధ్యాయులయ్యే అవకాశం వీటివల్ల కలిగింది. 1959లో జిల్లా పరిషత్తులు ఏర్పడిన తరువాత బోర్డు ఉన్నత పాఠశాలలు వాటి అజమాయిషీలోకి వచ్చాయి. అందువలన 1970కి ముందు మార్కాపురం ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుని యజమాని కర్నూలు జిల్లా పరిషత్తు. ఆ తరువాత ఒంగోలు.

3.2 ఈ మార్పు ప్రభావం 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులతో స్థిరపడింది. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద వెలువడిన ఆ ఉత్తర్వులు స్థానిక కేడర్లను, జోన్లను నిర్ణయించాయి. కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు జిల్లాలు నాలుగవ జోన్. గుంటూరు, ప్రకాశం, నెల్లూరు మూడవ జోన్. అయిదేళ్ళ ముందు గీసిన జిల్లా హద్దు కారణంగా గిద్దలూరు అభ్యర్థి మూడవ జోన్‌వాడయ్యాడు. కనుమ దాటితే వచ్చే నంద్యాల అతనికి స్థానికేతరం, నూరు కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్న ఒంగోలు స్థానికం. ఉన్నత విద్యా ప్రవేశాలలోనూ ఇదే జరిగింది. కర్నూలు జిల్లా శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ స్థానిక ప్రాంతంలోనూ, ప్రకాశం జిల్లా ఆంధ్ర విశ్వవిద్యాలయ స్థానిక ప్రాంతంలోనూ చేరాయి.

ఇది లాభమా నష్టమా అని ఒక్క మాటలో తేల్చడం కష్టం. ఖాళీలు ఎక్కువగా ఉన్న సంవత్సరం పెద్ద జిల్లాలో భాగం కావడం మేలు చేయవచ్చు. అయితే కాలువల కింద సాగు ఉన్న తూర్పు తాలూకాల విద్యార్థులతో, వర్షాధార మెట్ట సేద్యం మీద ఆధారపడి, కరువు ఏడాదిలో కుటుంబంతో వలస వెళ్ళే పశ్చిమ తాలూకాల విద్యార్థులు ఒకే జాబితాలో పోటీపడవలసి రావడం సమస్థాయి పోటీ అనలేం. 2025 మెగా డీఎస్సీలో ప్రకటించిన 16,347 పోస్టుల భర్తీ కూడా 26 కొత్త జిల్లాల ప్రకారం కాక, పాత 13 జిల్లాల ప్రాతిపదికనే జరిగింది. రెవెన్యూ పటం ఒకటి, ఉద్యోగ పటం మరొకటిగా మిగిలాయి. మార్కాపురం జిల్లా విషయంలో ఈ రెండు పటాలను ఎప్పుడు, ఎలా కలుపుతారన్నది ఇక్కడి బి.ఇడి. విద్యార్థుల భవిష్యత్తుకు సంబంధించిన ప్రశ్న.

3.3 అర్హతల స్వరూపాన్ని గమనిస్తే మూడు దారులు కనిపిస్తాయి. స్కూల్ అసిస్టెంటు (సాంఘికశాస్త్రం) పోస్టుకు డిగ్రీ, బి.ఇడి., టెట్ కావాలి. డిగ్రీలో సాంఘికశాస్త్రాలలో రెండు చదివి ఉంటే చాలు. ఆ రెండింటిలో చరిత్ర తప్పక ఉండాలన్న నియమం లేదు. జూనియర్ లెక్చరర్ పోస్టుకు చరిత్రలో స్నాతకోత్తర పట్టా కావాలి, బి.ఇడి.తో పని లేదు. డిగ్రీ కళాశాలకు నెట్ లేదా సెట్, లేదా నిబంధనలకు లోబడిన పిహెచ్.డి. కావాలి. అంటే బోధనా పద్ధతి నేర్చినవారు చరిత్రను లోతుగా చదవకుండానే పాఠశాలకూ, చరిత్రను లోతుగా చదివినవారు బోధనా పద్ధతి నేర్వకుండానే కళాశాలకూ చేరుతున్నారు. 2015-16 నుండి బి.ఇడి. రెండేళ్ళ కోర్సు అయింది. పేద కుటుంబం నుండి వచ్చిన విద్యార్థికి ఆ రెండేళ్ళూ, తరువాత డీఎస్సీ కోసం ఎదురుచూసే ఏళ్ళూ కలిసి యౌవనంలో పెద్ద భాగమే. ఈ నిరీక్షణ కాలంలో అతడు చదివేది బహుళైచ్ఛిక ప్రశ్నల పుస్తకం. అందులో తేదీలు ఉంటాయి, ఆ తేదీలు ఎలా తెలిశాయో ఉండదు. టెట్‌కు 20 శాతం, నియామక పరీక్షకు 80 శాతం వెయిటేజీతో తయారయ్యే జాబితాలో ఒక శాసనాన్ని చదివి విద్యార్థులకు వివరించగల శక్తికి మార్కులు లేవు.

3.4 కళాశాలల పరిస్థితి వేరు. ఇంటర్మీడియట్‌లో ఎం.పి.సి., బై.పి.సి.ల వైపు మొగ్గు పెరిగి హెచ్.ఇ.సి. వెనుకబడింది. డిగ్రీలో మూడు ఐచ్ఛికాంశాల పద్ధతి ఉన్నంతకాలం అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రాలతో పాటు చరిత్రకు కూడా స్థానం దక్కేది. 2023-24 నుండి ఒకే ప్రధానాంశం పద్ధతి వచ్చిన తరువాత ప్రతి శాస్త్రం తన విద్యార్థులను తానే సమకూర్చుకోవాలి. చిన్న పట్టణాల కళాశాలలలో విద్యార్థులు లేకపోతే పనిభారం లేదు, పనిభారం లేకపోతే పోస్టు లేదు. తెలుగు శాఖలకూ ఇది పరాయి అనుభవం కాదు. కాబట్టి 'చరిత్ర ఎందుకు చదవాలి' అన్న ప్రశ్నకు సమాధానం ఇవాళ అధ్యాపకుని ఉద్యోగానికి కూడా ఆధారం.

4. పాఠానికీ ప్రాంతానికీ మధ్య దూరం

పాఠ్యపుస్తకంలోని విషయాలకు ఈ ప్రాంతంలో లభించే ఆధారాలను మూడు ఉదాహరణలతో పరిశీలిద్దాం.

4.1 త్రిపురాంతకం శాసనాలు: కాకతీయుల పాఠం చెప్పేటప్పుడు ఉపాధ్యాయుని దృష్టి సహజంగా ఓరుగల్లు మీద ఉంటుంది. శ్రీశైలానికి తూర్పు ద్వారంగా ప్రసిద్ధమైన త్రిపురాంతకం ఆలయంలో కాకతీయుల కాలపు శాసనాలు అనేకం ఉన్నాయి. వాటిలో కాయస్థ ప్రభువు అంబదేవుని 1290 నాటి శాసనం ముఖ్యమైనది. రుద్రమదేవి మీద తిరుగుబాటు చేసిన అంబదేవుడు తన విజయాలను అందులో ప్రకటించుకున్నాడు. నల్లగొండ ప్రాంతంలోని చందుపట్ల శాసనం 1289లో రుద్రమదేవి శివసాయుజ్యాన్ని తెలుపుతుంది కాని, ఆమె ఎవరి చేతిలో మరణించిందో చెప్పదు. ఈ రెండు శాసనాలను పక్కపక్కన పెట్టి, అంబదేవునితో జరిగిన యుద్ధంలోనే ఆమె మరణించి ఉంటుందని చరిత్రకారులు ఊహించారు. 1291 నాటికి త్రిపురాంతకంలో మళ్ళీ కాకతీయ పక్షంవారి శాసనం కనిపిస్తుంది. ఈ ప్రాంతం మీద అంబదేవుని పట్టు ఎంతకాలం నిలిచిందో అంచనా వేయడానికి ఇదే ఆధారం.

ఉన్నత పాఠశాల విద్యార్థికి ఈ మూడు శాసనాలు చాలు. 'రుద్రమదేవి ఎప్పుడు మరణించింది?' అన్న ఒక మార్కు ప్రశ్న స్థానంలో 'ఆ సంగతి మనకు ఎలా తెలిసింది? ఎంతవరకు తెలిసింది?' అన్న ప్రశ్న నిలుస్తుంది. ఆధారం ఎక్కడ ముగుస్తుందో, ఊహ ఎక్కడ మొదలవుతుందో గుర్తించడమే చరిత్ర విద్య. ఆ పాఠానికి అవసరమైన రాయి మార్కాపురం విద్యార్థికి బస్సు ప్రయాణమంత దూరంలో ఉంది.

4.2 కంభం, పోరుమామిళ్ల చెరువులు: రెండు కొండల మధ్య గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేసి నిర్మించిన కంభం చెరువును అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల సంఘం 2020లో వారసత్వ నిర్మాణంగా గుర్తించింది. దీనిని గజపతి రాజపుత్రి, శ్రీకృష్ణదేవరాయల భార్య వరదరాజమ్మ కట్టించిందని ఐతిహ్యం. రాయల నిరాదరణకు గురై ఆమె కంభంలో ఉండిపోయిందనీ, 'తుక్కా పంచకం' అన్న సంస్కృత శ్లోకాలు ఆమెవేననీ సాహిత్య లోకంలో ప్రచారం ఉంది. సాహిత్య విద్యార్థికి ఈ కథ విలువైనది. చరిత్ర విద్యార్థికి కూడా విలువైనదే, కాని మరో విధంగా: ఐతిహ్యాన్ని ఆధారంగా కాక, పరిశీలించవలసిన సాక్ష్యంగా చూడడం అతడు నేర్చుకోవాలి.

అదే సంవత్సరం అదే గుర్తింపు పొందిన పోరుమామిళ్ల చెరువు (అనంతరాజసాగరం) గిద్దలూరుకు దక్షిణాన, సగిలేరు లోయలోనే ఉంది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు వేయించిన 1369 నాటి శాసనం చెరువు నిర్మాణానికి కావలసిన పన్నెండు అంగాలనూ, పరిహరించవలసిన ఆరు దోషాలనూ పేర్కొంటుంది. రోజుకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేయగా రెండేళ్ళలో పని పూర్తయినట్లు చెబుతుంది. ఒక చెరువుకు కథ ఉంది, మరొక చెరువుకు లిఖిత సాక్ష్యం ఉంది. రెండింటినీ కలిపి బోధిస్తే విజయనగర కాలపు నీటిపారుదల పాఠం భూగోళంతోనూ, అర్థశాస్త్రంతోనూ దానంతట అదే ముడిపడుతుంది. కాని పోరుమామిళ్ల కడప జిల్లా. జిల్లా చరిత్ర అన్న పేరుతో తయారయ్యే బోధన సామగ్రిలో ఒక లోయలోని ఈ రెండు ఊళ్ళు కలుసుకోవు. వెలిగొండ ప్రాజెక్టు నీటి కోసం దశాబ్దాలుగా నిరీక్షిస్తున్న ప్రాంతంలో నీటి చరిత్ర గతానికి సంబంధించిన పాఠం మాత్రమే కాదు.

4.3 మార్కాపురం పలక: దేశంలో ఎన్నో ప్రాంతాల పిల్లలు మార్కాపురం రాతిపలకల మీద అక్షరాలు దిద్దారు. 1987 నాటి జాతీయ బాలకార్మిక విధానం అమలుకు తొలుత ఎంచుకున్న పరిశ్రమలలో మార్కాపురం పలకల పరిశ్రమ కూడా ఉంది. అంటే పిల్లల చదువుకు పనిముట్టు తయారుచేసే చోటనే పిల్లలు బడికి దూరమయ్యారు. రాయి తొలచి, కోసి, నునుపు చేసే పనిలో వెలువడే ధూళి కార్మికుల ఊపిరితిత్తులను దెబ్బతీసింది. బాలల హక్కులు, పరిశ్రమలు, ఖనిజాలు, ఆరోగ్యం అన్న వేర్వేరు పాఠాలను ఈ ఒక్క పలక మీద చెప్పవచ్చు. అయితే ఈ పాఠానికి జాగ్రత్త అవసరం. తరగతిలో కూర్చున్నవారిలో పలకల కార్మికుల మనుమలు ఉంటారు. వారి కుటుంబాల శ్రమను జాలి చూపవలసిన విషయంగా కాక, దేశ విద్యాచరిత్రలో వారి వాటాగా చెప్పగలగాలి.

5. ఉపాధ్యాయుడు - పరిశోధకుడు

తెలుగువారి చరిత్ర రచన ఉద్యోగ నిచ్చెన మీద పుట్టలేదు. మల్లంపల్లి సోమశేఖరశర్మ కళాశాల పట్టా లేకుండానే కొమర్రాజు లక్ష్మణరావు వద్ద విజ్ఞానసర్వస్వ కృషిలో పాల్గొని, శాసన పరిశోధనలో నిష్ణాతులై, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరారు. అద్దంకి రాజధానిగా మొదలైన రెడ్డిరాజ్యాల మీద ఆయన రాసిన ప్రామాణిక గ్రంథాన్ని ఆ విశ్వవిద్యాలయం 1948లో ప్రచురించింది. తరువాతి తరంలో వకుళాభరణం రామకృష్ణ కావలి జవహర్ భారతి కళాశాలలో చరిత్ర బోధించి, ఆంధ్రలో సంఘసంస్కరణోద్యమం మీద పరిశోధించి, హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆచార్యులయ్యారు. ఈ రెండు జీవితాలనూ ఇవాళ్టి నియమాలతో పోల్చి, పట్టాలు అనవసరమని వాదించడం సరికాదు. గమనించవలసినది ఒక్కటే: ఇద్దరికీ తెలుగు నేల మీది ఆధారమే పరిశోధనకు మూలధనం అయింది, మహానగరానికి దూరంగా ఉండడం అడ్డు కాలేదు.

పశ్చిమ ప్రకాశంలోని ఉపాధ్యాయునికి ఈ మూలధనం చేరువలోనే ఉంది. దానిని వినియోగించుకోవడానికి మూడు పనులు అవసరం. మొదటిది ఆధారాల సూచిక. కడప, కర్నూలు, ప్రకాశం పేర్ల కింద చెల్లాచెదురుగా ఉన్న శాసనాలు, కైఫియత్తులు, మాన్యువళ్ళు, పురావస్తు నివేదికలను ఇవాళ్టి మండలాల వారీగా తిరిగి వర్గీకరించాలి. ఇది ఒక ఎం.ఫిల్. స్థాయి పరిశోధనకు చాలినంత పని, ఒక డిగ్రీ కళాశాల శాఖ రెండు మూడేళ్ళలో చేయగలిగిన పని. రెండవది బి.ఇడి. బోధనాభ్యాసంలో స్థానిక ఆధారం మీద కనీసం ఒక పాఠ్యపథకం ఉండేటట్లు చూడడం. దీనివల్ల డిగ్రీలో చరిత్ర చదవని ఛాత్రోపాధ్యాయుడు కూడా ఒక్కసారైనా మూలాధారాన్ని ముట్టుకుంటాడు.

మూడవది తెలుగు శాఖల బాధ్యత. శాసన భాష, ప్రాచీన లిపి, కైఫియత్తుల పదజాలం, మాన్యాలకూ కొలతలకూ సంబంధించిన మాటలు మన పాఠ్యప్రణాళికలో ఉన్నాయి, చరిత్ర శాఖల వద్ద తగినంతగా లేవు. పద్యశాసనంగా అద్దంకి పండరంగని శాసనాన్ని మనం తరువోజ లక్షణం కోసం చదివి ఆగిపోతాం. చరిత్ర అధ్యాపకుడు గుణగ విజయాదిత్యుని సేనాని దండయాత్ర కోసం చదివి ఆగిపోతాడు. ఒకే రాతిని ఇద్దరూ సగం సగం చదవడం వల్ల విద్యార్థికి నష్టం. రెండు శాఖలు కలిసి శాసన పఠనం మీద చిన్న కోర్సు నడిపితే రెండింటికీ విద్యార్థులు దొరుకుతారు. పనిభారం కొలమానంగా మారిన కాలంలో ఈ ప్రయోజనాన్ని చిన్నచూపు చూడనవసరం లేదు.

స్థానిక చరిత్రకు ఒక పరిమితి ఉంది. ఊరి గొప్ప, కుల గొప్ప చెప్పుకోవడానికి అది సులభంగా లొంగిపోతుంది. గుడి కట్టించిన ప్రభువు పేరు శాసనంలో ఉంటుంది, రాయి మోసినవారి పేర్లు ఉండవు. పోరుమామిళ్ల శాసనంలోని వేయిమంది కూలీలు సంఖ్యగానే మిగిలారు. స్థానికాన్ని బోధించేవారు ఈ మౌనాన్ని కూడా పాఠంలో చేర్చాలి. అంబదేవుని ప్రశస్తిని ఊరి విజయగాథగా కాక, ఒక ప్రభువు తన గురించి తాను చెప్పుకున్న మాటగా చదివించాలి.

6. ముగింపు

పశ్చిమ ప్రకాశంలో చరిత్రోపాధ్యాయ వృత్తిని జిల్లా హద్దులు మూడు విధాలుగా ప్రభావితం చేశాయి. అభ్యర్థి ఎవరితో పోటీపడాలో అవి నిర్ణయించాయి. పైచదువుకు ఏ విశ్వవిద్యాలయం వైపు వెళ్ళాలో నిర్ణయించాయి. తన ప్రాంతపు ఆధారాలు ఏ పేరు కింద దాగి ఉన్నాయో కూడా అవే నిర్ణయించాయి. మొదటి రెండూ ప్రభుత్వ విధానానికి సంబంధించినవి. మూడవది ఉపాధ్యాయులు, అధ్యాపకులు, పరిశోధకులు తమంతట తాము సరిదిద్దగలిగినది.

నియామక పరీక్ష ఉపాధ్యాయుణ్ణి తరగతి గుమ్మం వరకు తీసుకువెళుతుంది. లోపలికి వెళ్ళాక ముప్పై ఏళ్ళ ఉద్యోగకాలంలో అతని పాఠం ఎండిపోకుండా ఉండాలంటే ఏటేటా కొత్తగా చదవదగిన ఆధారం కావాలి. త్రిపురాంతకం రాళ్ళు, కంభం కట్ట, సగిలేరు ఒడ్డున దొరికిన రాతి పనిముట్లు, మార్కాపురం పలకలు ఆ పని చేయగలవు. కొత్త జిల్లా పేరుతో జిల్లా చరిత్రలు, పాఠశాల కరదీపికలు రాయవలసిన అవసరం త్వరలోనే వస్తుంది. వాటిని పాత పుస్తకాల నుండి కత్తిరించి అతికించిన సంకలనాలుగా కాక, ఈ ప్రాంతపు ఉపాధ్యాయులు స్వయంగా చదివి, చూసి, సరిపోల్చి రాసిన గ్రంథాలుగా తీసుకురావాలంటే ఆధారాల సూచిక తయారీ ఇప్పుడే మొదలుకావాలి.